హంతక నల్లిని సాకడం ఎలా?

కుక్కను పెంచితే తెల్లవారకముందే వీధిలోకి తీసుకెళ్లాలి. పిల్లిని తెచ్చుకుంటే ఇల్లు దానిదీ, అద్దె మనదీ అవుతుంది. ఈ బాదరబందీ ఏదీ వద్దు, ప్రేమాభిమానాలు అసలే వద్దు, వచ్చిన చుట్టాలు రెండోపూట ఉండకుండా వెళ్లిపోతే అదే పదివేలు అనుకునేవారికి దేవుడు అసాసిన్ బగ్, అంటే హంతక నల్లి అనే పురుగును సృష్టించాడు. మంచంలో నల్లి, పత్తిచేలో పచ్చదోమ పుట్టిన వంశంలోనే ఇదీ పుట్టింది. కాకపోతే వాళ్లు పీల్చి వదిలేస్తారు, ఇది చంపి పీలుస్తుంది. ప్రపంచంలో దాదాపు 7000 రకాలున్నాయి కాబట్టి ఎంపికకు ఇబ్బంది లేదు.

ఐరోపాలో, అమెరికాలో పురుగుల సరదా ఉన్నవాళ్లు ఎక్కువగా ఎంచుకునేది ఆఫ్రికా నుంచి వచ్చిన ప్లాటీమెరిస్ బైగుట్టాటస్. నిగనిగలాడే నల్లటి ఒళ్లు, రెక్కల మీద రెండు తెల్ల చుక్కలు, 4 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ పొడవు. చుక్కలు నారింజ రంగులో కావాలంటే దాని చుట్టం ప్లాటీమెరిస్ రాడమాంథస్ ఉంది. ఇండియాలో ఉన్నవాళ్లు మాత్రం విదేశీ పురుగును అనుమతి లేకుండా తెప్పించుకోకూడదు, మొక్కల క్వారంటైన్ నిబంధనలు ఒప్పుకోవు. డాలస్‌లో ఉన్న మీ అబ్బాయి సూట్‌కేసులో బాదంపప్పుల మధ్య పెట్టి తెస్తానన్నా వద్దని చెప్పండి.

కొనేటప్పుడు వంశం విచారించడం మరిచిపోకండి. ఈ కుటుంబంలోనే ట్రయటోమిన్లని ఒక శాఖ ఉంది, వాళ్లకు బొద్దింకలు ఆనవు, మన రక్తమే కావాలి. లాటిన్ అమెరికాలో చాగస్ జబ్బును మోసేది వీళ్లే. కార్లోస్ చాగస్ అనే బ్రెజిల్ వైద్యుడు 1909లో బయటపెట్టిన సంగతి ఇది. రోగక్రిమి వాళ్ల కాటులో కాక రెట్టలో ఉంటుందనేది ఒక ఊరట అనుకుంటే అనుకోవచ్చు. అయినా సరదాపడినవాళ్లు లేకపోలేదు. 1835లో డార్విన్ ఎక్కిన బీగిల్ నౌకలో ఇకీకే రేవు దగ్గర పట్టిన అలాంటి పురుగు ఒకటి ఉండేది. నౌకలోని అధికారి ఒకాయన వేలు చాపి ఒక్కపూట విందు ఇస్తే అది నాలుగు నెలలపాటు బొద్దుగానే ఉందని డార్విన్ రాసుకున్నాడు. రెండు వారాలు తిరిగేసరికే మళ్లీ వేలు కోసం సిద్ధమైందని కూడా రాశాడు. ఆ నౌకలో నెలల తరబడి ఇంకేం కాలక్షేపం ఉంటుంది పాపం.

ఇల్లు అమర్చడం పెద్ద పని కాదు. గాలి ఆడే, మూత గట్టిగా పడే ప్లాస్టిక్ పెట్టె, అడుగున కొబ్బరి పొట్టు, ఎక్కి దాక్కోవడానికి రెండు చెట్టుబెరడు ముక్కలు చాలు. వేడి 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి. షికాగో చలికాలంలో దీనికోసం ప్రత్యేకంగా హీటింగ్ మ్యాట్ కొంటారు. రామగుండం మే నెలలో అయితే పురుగు సంగతి అలా ఉంచి, ముందు యజమాని నీడ చూసుకోవాలి. అప్పుడప్పుడు పెట్టెలో ఒక మూల కాసిని నీళ్లు చిలకరిస్తే దాని దాహం తీరుతుంది.

తిండి దగ్గరే అసలు కథ మొదలవుతుంది. దీనికి బతికున్న బొద్దింకలు కావాలి. మీ వంటింట్లో తిరిగే వాటిని పట్టి వేద్దామని ఉత్సాహపడకండి. అవి పోయినవారం సింకు కింద పెట్టిన మందు తిని వచ్చి ఉంటాయి, వాటిని తిన్న మీ ముద్దుల పురుగూ వాటి వెనకే పోతుంది. కాబట్టి శుభ్రమైన బొద్దింకలను డబ్బు పెట్టి కొనాలి. కొనీ కొనీ విసిగి రెండో పెట్టెలో బొద్దింకల పెంపకం మొదలుపెడతారు. వాటికి క్యారెట్ ముక్కలు, తవుడు. అవి పిల్లల్ని పెడతాయి. వాటికి మూడో పెట్టె. ఒకవైపు పెస్ట్ కంట్రోల్ వాడికి ఏడాది చందా కడుతూ, మరోవైపు అటక మీద బొద్దింకలకు పురుళ్లు పోసే స్థితికి చేరుకున్నారంటే మీరు ఈ విద్యలో గట్టిపడ్డట్టే. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు అటకమీద ఆ గలగల ఏమిటని అడిగితే ఎలుకలని చెప్పండి, గౌరవంగా ఉంటుంది.

వేట మాత్రం చూసి తీరాల్సిందే. ముందుకాళ్లతో ఒడిసిపట్టి, వంకర ముక్కును కీలు సందులో దించుతుంది. కొద్ది క్షణాల్లో బొద్దింక చచ్చుబడిపోతుంది. ఉమ్మిలోని ఎంజైములు లోపలి మాంసాన్ని కరిగించాక, కొబ్బరిబోండాంలో స్ట్రా వేసినట్టు తీరిగ్గా తాగుతుంది. మిగిలేది డొల్ల. దాన్ని తీసి పారేయడమే మీ సేవ.

ఇక ముద్దుచేయడం. దీని ఉమ్మి 30 సెంటీమీటర్ల దాకా చిమ్ముతుంది. చత్వారం వచ్చినవాళ్లు పెట్టెలోకి తొంగిచూసే దూరమూ సరిగ్గా అంతే. కంట్లో పడితే విపరీతమైన మంట, వాపు, కాసేపు చూపు ఆనదు. 1961లో జె.ఎస్. ఎడ్వర్డ్స్ అనే శాస్త్రజ్ఞుడు రాడమాంథస్ ఉమ్మి మీద పెద్ద వ్యాసమే రాశాడు. 2018లో ఆస్ట్రేలియా పరిశోధకులు అక్కడి జాతి ఒకదానిలో ఇంకో విశేషం కనుక్కున్నారు: ఎరను చంపే విషం ఒక గ్రంథి అరలో, మీద పడ్డవాణ్ణి బెదరగొట్టే విషం మరో అరలో ఉంటాయట. ముద్దుచేయబోయేవాళ్లకు ఆ రెండో అర కేటాయించారన్నమాట. పట్టుకుంటే ముక్కును గుండె కింది గాడికేసి రాచి గరగరమంటుంది కూడా. అది మిమ్మల్ని గుర్తుపట్టి పలకరించిందని ఇంట్లోవాళ్లకు చెప్పుకోవచ్చు. పటకారు, కళ్లద్దాలు మాత్రం మరవద్దు.

సంతానం సంగతికొస్తే, దీనికి జాతకాలు చూడనక్కర్లేదు, కడుపునిండా తిండి ఉంటే చాలు. తిండి తక్కువైతే దాంపత్యం భోజనంగా మారే ప్రమాదముంది. ఆడది గుడ్లను పొట్టులో ఎక్కడపడితే అక్కడ రాలుస్తుంది. కొత్తవాళ్లు పెట్టె శుభ్రం చేస్తున్నామనుకుని ఆ తరాన్నంతా చెత్తబుట్టలో పోసి, మా పురుగు గొడ్డుదని వాపోతుంటారు. పొదిగితే వచ్చే పిల్లలు ఐదుసార్లు కుబుసం విడిచి పెద్దవవుతాయి. విడిచిన ప్రతిసారీ ఒళ్లంతా ఎర్రగా, మెత్తగా బయటపడి కొన్ని గంటలకు నల్లబడతాయి. ఆ గంటల్లో కదిలించకూడదు. ఆకలితో ఉన్న తోబుట్టువు పక్కనే ఉంటే మీరు కదిలించకపోయినా లాభం లేదు. అందుకే పేర్లు పెట్టకండి. మొన్న లక్ష్మి, నిన్న లక్ష్మిని తిన్న పార్వతి అంటూ లెక్క రాసుకోవడం ఎవరికైనా కష్టమే.

ఇంత తతంగం మనవల్ల కాదంటారా? మన చేలల్లో దీని బంధువులు ఎప్పటినుంచో కాపురముంటున్నారు. ఎరుపూ నలుపూ కలిసిన రైనోకోరిస్ మార్జినేటస్, రైనోకోరిస్ ఫుస్సిపెస్ అనే రకాలు వేరుశనగలో, పత్తిలో లద్దెపురుగునూ శనగపచ్చ పురుగునూ పొడిచి తాగుతాయి. పాలయంకోట్టైలోని సెయింట్ జేవియర్స్ కళాశాలలో వీటిని బియ్యపు చిలకపురుగు పిల్లల మీద మేపి పెంచడం గురించి ఏళ్ల తరబడి పరిశోధనలు జరిగాయి. వీటికి పెట్టె వద్దు, హీటరు వద్దు, బొద్దింకలు కొననక్కర్లేదు, జీతం అడగవు. మనం కృతజ్ఞత కొద్దీ లద్దెపురుగుతో పాటే వీటికీ పురుగుమందు పోస్తున్నాం.

ఈసారి స్ప్రేయరు భుజాన వేసుకునే ముందు నాలుగు సాళ్లు వంగి చూడండి. లద్దెపురుగును ముక్కున గుచ్చుకున్న ఎర్రటి హంతక నల్లి కనిపిస్తే ఆ పూటకు డ్రమ్ము దించేయండి. చేత్తో మాత్రం ముట్టకండి, అదీ గట్టిగానే కుడుతుంది.