పద్దెనిమిదేళ్ల సీఈఓలకు దండాలు

కాలేజీ ఫ్రాటర్నిటీలు కొత్తవాళ్లను చేర్చుకునే రష్ తేదీలు వచ్చేశాయి. డాలస్‌లో ఏ తెలుగింటికి భోజనానికెళ్లినా పప్పుకన్నా ముందు ఇదే వడ్డిస్తున్నారు: "మావాడు బిజినెస్ ఫ్రాటర్నిటీకి ట్రై చేస్తున్నాడండీ!" తాగి తందనాలాడే ఫ్రాట్ కాదు, సూటేసుకునే ఫ్రాట్ అని మనం గ్రహించాలి. గ్రహించాం.

అన్నిట్లోకీ నాకు మండేది కాఫీ చాట్. టెక్సాస్ ఆగస్టు ఎండలో, మొన్నటిదాకా అమ్మ దుప్పటి లాగితే గానీ లేవని కుర్రాడు మెడకు టై బిగించి స్టార్‌బక్స్‌లో కూర్చుంటాడు. ఎదురుగా వీడికన్నా ఒక్క ఏడాది పెద్దవాడు. వేసవంతా ఇంటర్న్‌షిప్‌లో ఎక్సెల్ గళ్లకు రంగులేసిన ఘనుడు. "నీ లీడర్‌షిప్ జర్నీ చెప్పు" అంటాడు. జర్నీ! హైస్కూలు నుంచి డార్మ్ దాకా, అదీ నాన్న కారులో.

పెళ్లిచూపులే నయం, బజ్జీలైనా పెడతారు. ఇక్కడ ఎవరి కాఫీ వాళ్లే కొనుక్కోవాలి.

గదికి రాగానే థ్యాంక్యూ మెయిల్ కొట్టాలి. "మీ అనుభవం నాకు స్ఫూర్తి" అని రాయాలి. పంతొమ్మిదేళ్లవాడి అనుభవం! వీడు చాట్‌జీపీటీతో రాయిస్తాడు, వాడు చాట్‌జీపీటీతో జవాబిస్తాడు. రెండు యంత్రాలకు మంచి పరిచయం కుదురుతుంది.

ఒక్కరితో కాఫీ తాగితే సరిపోదు. ఎంతమందితో తాగితే అంత శ్రద్ధ ఉన్నట్టు. వారం తిరిగేసరికి పిల్లలకు నిద్ర ఉండదు. అది ఆశయమని తల్లిదండ్రులంటారు, కెఫీన్ అని నేనంటాను.

లెక్కలు దాచకూడదని నేర్పే కాలేజీలో కొత్త సభ్యుల దీక్ష మాత్రం రహస్యం. తలుపులు తెరవడమూ ఆలస్యమే: 1904లో పుట్టిన బిజినెస్ ఫ్రాటర్నిటీ ఆల్ఫా కప్పా సైకి అమ్మాయిలు కనబడటానికి 1976 దాకా పట్టింది, అదీ చదువుల్లో ఆడామగా వివక్ష కూడదనే టైటిల్ నైన్ చట్టం 1972లో వచ్చాక.

అసలా సంఘం పెట్టిందెవరు? న్యూయార్క్ యూనివర్సిటీలో రాత్రి క్లాసుల కుర్రాళ్లు. వాళ్లలో నలుగురు క్లాసులయ్యాక బ్రూక్లిన్ బ్రిడ్జి మీదుగా కబుర్లాడుకుంటూ నడిచి ఇళ్లకు పోయేవాళ్లు. అలాంటివాళ్లు ఇవాళొస్తే గడప తొక్కనిస్తారా? రష్ ఈవెంట్లు చాలావరకు సాయంత్రాలే. గ్రోసరీ షాపులో ఈవినింగ్ షిఫ్టు చేసుకునే పిల్ల రెండు ఈవెంట్లకు రాకపోతే "కమిట్‌మెంట్ లేదు" అని కొట్టేస్తారు. బ్లేజరు కొనలేనివాడు "ప్రొఫెషనల్" కాడు. కొట్టేసేది కంపెనీ కాదు, ప్రొఫెసరూ కాదు. ఇంకా తమకే ఉద్యోగం లేని పిల్లలు! తీసుకున్నాక సెమిస్టర్‌ సెమిస్టర్‌కీ డ్యూస్ వేరే. రెజ్యూమె దిద్దడానికి కాలేజీలో కెరీర్ సెంటర్ ఉంది, దానికి మన ఫీజులోంచే జీతాలు. అక్కడ ఎవర్నీ గెంటెయ్యరు. గెంటనిచోట మనవాళ్లకు గొప్పేముంటుంది?

పోయిన సెమిస్టర్‌లో ఒకింట్లో చూశాను. రిజెక్ట్ మెయిలొచ్చిన పిల్ల పైన గది తలుపేసుకుంది. తల్లి మెట్ల దగ్గర నిలబడి, "ఏ ప్రశ్నకి తప్పు చెప్పావే?" అని అరుస్తోంది. ఎంసెట్ కాదమ్మా, అదొక కాలేజీ క్లబ్బు!

ఆవిడిప్పుడు దీనికి కోచింగ్ ఎక్కడ దొరుకుతుందా అని వాకబు చేస్తోంది.