నీకు చేతకానిదేముంది?

విజయవాడ నగరపాలక సంస్థా, నిన్ను పొగడడానికి మాటలు వెతుక్కోనక్కర్లేదు. 2021 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్, సూరత్‌ల తర్వాత దేశంలో మూడో స్థానం నీది. 64 డివిజన్లలో ఏ సందులో ఏ ఇల్లు ఉందో, దానికి పన్నెంత కట్టాలో నీకు తెలుసు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగితే డ్రోన్లు ఆహార పొట్లాలు మోశాయి, ఫైరింజన్లు వచ్చి ఇళ్లలో బురద కడిగాయి. నీళ్లు తీశాక సచివాలయ సిబ్బంది గడపగడపకూ వెళ్లి ఎవరిల్లు ఎంత మునిగిందో రాసుకున్నారు. కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేల రూపాయల సాయం అందిందంటే ఆ రాత పుణ్యమే. బాధపడ్డవాళ్లు వచ్చి అడిగేదాకా ఆగకుండా తానే వెళ్లి తలుపు తట్టిన పాలనకు దణ్ణం పెట్టాలి. మనస్ఫూర్తిగా పెడుతున్నాను.

ఇప్పుడు అదే సింగ్‌నగర్‌లో తొమ్మిదో తరగతి చదివే పిల్లనొకదాన్ని ఊహించు. ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమైనవాడు నమ్మించి బయటపెట్టకూడని ఫొటో ఒకటి తీసుకున్నాడు. ఇంకొన్ని పంపకపోతే ఇది మీ నాన్నకు పంపిస్తానంటున్నాడు. ఫొటో ఇవ్వని పిల్లయితే ముఖం తీసి ఇంకో ఒంటికి అతికిస్తాడు. మగపిల్లాడైతే డబ్బు అడుగుతాడు. ఆ పిల్ల అమ్మకు చెప్పదు. చెబితే ఫోన్ లాక్కుంటారు, బడి మాన్పిస్తారు. స్టేషన్‌కు వెళ్తే వీధంతా తెలుస్తుంది. ఈ తలుపు ఎవరు తట్టాలి?

నువ్వే తట్టగలవు. అందుకు కావలసినవన్నీ నీ దగ్గరున్నాయి. మున్సిపల్ బడులు నీవి. 2019లో వార్డు సచివాలయాలు పెట్టినప్పుడు మహిళా సంరక్షణ కార్యదర్శి అనే ఉద్యోగమే సృష్టించారు. అంత మంచి పేరు పెట్టిన ఆలోచనను మెచ్చుకోకుండా ఉండలేను. మరి ఆమెకు ఈ పని నేర్పారా? చాట్ చెరిపెయ్యొద్దని, స్క్రీన్‌షాట్లు, లింకులు దాచుకున్నాకే వాణ్ని బ్లాక్ చెయ్యాలని ఆ పిల్లకు చెప్పడం ఆమెకు తెలుసా? జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఆడవాళ్ల మీద, పిల్లల మీద జరిగే నేరాలను పేరు చెప్పకుండా కూడా నమోదు చెయ్యవచ్చని తెలుసా? 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఒకటుంది. పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల ఇలాంటి ఫొటోల కోసం పెట్టింది. ఫొటో ఫోన్ దాటి ఎక్కడికీ పోదు. దానినుంచి తయారైన అంకెల గుర్తు మాత్రమే వెళ్తుంది. అందులో చేరిన వేదికలు ఆ గుర్తుతో ఫొటోను పోల్చి తీసేస్తాయి. పెద్దవాళ్లకైతే 'స్టాప్ ఎన్‌సీఐఐ' ఉంది. ఈ సంగతి తెలిసిన పిల్లకూ తెలియని పిల్లకూ తేడా ఒక్కోసారి ప్రాణమంత ఉంటుంది. అప్పు వసూలుకు రుణ యాప్‌లు పంపిన మార్ఫింగ్ ఫొటోలకు తెలుగువాళ్లం ఎన్ని కుటుంబాలను పోగొట్టుకున్నామో మరిచిపోలేం.

పోలీసుల పని కదా అంటావేమో. నేరస్థుణ్ని పట్టుకోవడం వాళ్ల పనే. కానీ రాజ్యాంగం 12వ షెడ్యూలులో పురపాలికలకు అప్పగించదగిన 18 అంశాల్లో బలహీన వర్గాల ప్రయోజనాలను కాపాడడమూ ఒకటి. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద ఇలాంటి నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా ఫిర్యాదు చేసి తీరాలి. నీ బడి పంతులమ్మకూ ఆ బాధ్యత ఉంది. ఆమెకు ఆ మాట ఎవరు చెప్పారు?

పండగలకు నాయకుల ముఖాలు మోసే హోర్డింగులకు నీ ఊళ్లో చోటు దొరుకుతుంది. అందులో కొంచెం సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కీ, చైల్డ్‌లైన్ 1098కీ ఇవ్వు. ఆ నంబర్లను బడి మరుగుదొడ్డి తలుపు లోపల అంటించు, అక్కడైతే పిల్ల ఒంటరిగా చదువుకోగలదు. సచివాలయంలో తలుపు వేసుకోగలిగే గది ఒకటి ఉంచు, కౌంటర్ ముందు నిలబెట్టి "ఏం జరిగిందమ్మా" అని అడగకూడదు. ఫిర్యాదు రాసిచ్చాక ఆ పిల్లను వదిలెయ్యొద్దు. నిద్రపట్టని రాత్రులు ఆ తర్వాతే మొదలవుతాయి. బాధిత ఆడవాళ్లకు, బాలికలకు సాయం చేసే వన్‌స్టాప్ సెంటర్‌కు తీసుకెళ్లే మనిషి కావాలి, నెలల తరబడి మాట్లాడే కౌన్సెలర్ కావాలి. ఆ జీతాలకు వచ్చే బడ్జెట్‌లో ఒక పద్దు రాయి. బురద మేట వేసిన ఇళ్లను లెక్కపెట్టి రాసిన చెయ్యే కదా.