దవడ ఆపరేషనా? ఈ సలహాలు మాత్రం వినకండి

కింది దవడ ముందుకొచ్చిందనో, పై పళ్లూ కింది పళ్లూ కలవక నమలలేకపోతున్నారనో డాక్టరు ఆపరేషన్ మాట ఎత్తితే చాలు, చుట్టపక్కాలు తలా ఒక సలహా ఇస్తారు. వాటిలో కొన్ని వింటే నిజంగా నష్టపోతాం.

"సంబంధాలు చూస్తున్నారు కదా, రెండు నెలల్లో కానిచ్చేయండి." చాలామందికి ఆపరేషన్‌కు ముందే ఏడాది, ఏడాదిన్నర క్లిప్పులు ఉండాలి. వంకర దవడకు తగ్గట్టు ఒరిగిపోయిన పళ్లను ముందు నిలబెట్టాలి. ఆ దశలో ముఖం ఇంకా వికారంగా కనబడొచ్చు. బెంబేలుపడి మధ్యలో మానేయకండి.

"ఎంత చిన్నప్పుడు చేయిస్తే అంత మంచిది." దవడ ముందుకు పెరిగే పిల్లల విషయంలో ఇది మరీ చెడ్డ సలహా. ఎదుగుదల ఆగకముందే వెనక్కి జరిపితే ఎముక మళ్లీ పెరుగుతుంది, మళ్లీ కోయాల్సి రావొచ్చు. మగపిల్లల్లో ఈ ఎదుగుదల 18 దాటాక కూడా సాగొచ్చు.

"ప్లేట్లు, స్క్రూలు బిగించాక ఇక కదిలేదేముంది?" కదులుతుంది. అమెరికాలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయానికి చెందిన ప్రాఫిట్, టర్వీ, ఫిలిప్స్ తమ రోగులను ఏళ్ల తరబడి గమనించి, ఏ మార్పు ఎంత నిలుస్తుందో 1996లో ఒక వరుస ప్రచురించారు. పై దవడను పైకి జరిపితే బాగా నిలుస్తుంది. వెడల్పు చేస్తే అన్నిటికంటే తక్కువ నిలుస్తుంది. కింది దవడను వెనక్కి జరపడం కూడా ఆ వరుసలో అడుగునే ఉంది. అందుకే ఫోటోలు చూసి మురిసిపోకుండా, "నా దవడను ఎటు జరుపుతారు, అది ఎంతవరకు నిలుస్తుంది?" అని అడగండి.

"తిమ్మిరి గిమ్మిరి అంతా పుకారే." కానే కాదు. 1950లలో ఓబ్‌వెగెసర్ అనే సర్జన్ తెచ్చిన పద్ధతిలో కింది దవడను రెండువైపులా నిలువునా చీలుస్తారు. కింది పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం ఆ ఎముక లోపలి నుంచే వెళుతుంది. అందుకే మొదట్లో చాలామందికి అక్కడ మొద్దుబారుతుంది. ఎక్కువమందికి నెలల మీద తగ్గుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది. వయసు పెరిగేకొద్దీ ఆ ముప్పు ఎక్కువ. దాన్ని కొలిచే తీరు సులువే: రోగిని కళ్లు మూసుకోమని, పెదవి మీద మెత్తని కుంచెతో గీసి, ఎటు గీశామో చెప్పమంటారు. ఆపరేషన్‌కు ముందే ఈ పరీక్ష చేయించుకుని రాయించుకోండి. తర్వాత ఎంత తేడా వచ్చిందో చెప్పడానికి అదే ఆధారం.

"రీసెర్చ్ అంటే మనమీద ప్రయోగాలే, సంతకం పెట్టకు." ఆసుపత్రి తన పరిశోధనలో చేరమని అడిగినప్పుడు వినబడే మాట ఇది. చదవకుండా పెట్టొద్దు, నిజమే. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, క్లినికల్ ట్రయల్ అయితే సీటీఆర్ఐలో (మన దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీలో) నమోదైందా చూడండి. ఆ వివరాలు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఎప్పుడైనా తప్పుకునే హక్కు మీదే, తప్పుకున్నంత మాత్రాన వైద్యం ఆపకూడదు. ఇవన్నీ సరిగ్గా ఉంటే భయపడి పారిపోకండి.

అన్నిటికంటే చెడ్డ సలహా చివరిది: "బాగైపోయిందిగా, మళ్లీ వెళ్లడం దేనికి?" బాగున్నవాళ్లు రావడం మానేసి, బాగోలేనివాళ్లు ఇంకో ఆసుపత్రికి వెళ్లిపోతే ఏ పద్ధతి నిలిచిందో డాక్టర్లకు ఎలా తెలుస్తుంది? ఏడాది తర్వాత, ఆ పైన కూడా, రమ్మన్నప్పుడల్లా వెళ్లి ఎక్స్‌రే తీయించుకోండి. ఫోన్ నంబరు మారితే ఆసుపత్రికి చెప్పండి.