తాపీ మాహాత్మ్యము

కోయంబత్తూరులోను మధురలోను శతాబ్దులుగా వేరూనియున్న మన తెలుగువారి బడులలో ఇప్పుడొక క్రొత్త వ్రతము వాడుకలోనికి వచ్చుచున్నది. పరీక్షల ఫలితములు వెలువడు ఋతువున తొమ్మిదవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి దనుక గల పిల్లలను సభామందిరమున బారులు తీర్చి కూర్చుండబెట్టి, ఒక ఇంజనీరుగారిని, ఒక సిమెంటు వర్తకుని, ఆ యిరువురికంటె బిగ్గఱగా మాటలాడగల ఒక ప్రేరణోపన్యాసకుని వేదికపై ప్రతిష్ఠించి, నిర్మాణవృత్తులయందు యువతరమునకు గల ఉజ్జ్వల భవిష్యత్తును గూర్చి రెండు గంటలు స్తోత్రము చేయించుట ఈ వ్రతమునకు విధి. శాలువ కప్పుట అర్చన. ఛాయాచిత్రము దిగుట ఉద్వాసన. తాపీపని, వడ్రంగము, కుళాయిపని, కరెంటుపని, కమ్మీలు వంచి కట్టు పని, వీనిలో ఏ యొక్కటి నేర్చినను జర్మనీలో గౌరవము, దుబాయిలో ధనము, స్వగ్రామమున మేడ సిద్ధించునని ఫలశ్రుతి.

సర్వసంభారములు సమకూడిన ఈ వ్రతమున లోపించువాడు మేస్త్రీ యొక్కడే. ఆతనిని పిలువకుండుటకు కారణములు లేకపోలేదు. పిలిచినచో ఆ దినపు కూలి ఎవరిచ్చెదరను ప్రశ్న పుట్టును. ఇచ్చుటకు ఒప్పుకొన్నను, ఆతడు వేదికపై కుర్చీలో కూర్చుండవలయునా, ప్రక్కన నిలువవలయునా యను ధర్మసందేహము కార్యవర్గమునకు కలుగును. ఈ రెండును తీరినను, పిల్లలకు నిజము చెప్పిపోవునేమో యను భయము మిగులును.

పిలిచియుండినచో ఆతడు వెంట తెచ్చునది ప్రొజెక్టరు కాదు, లోపలి నీరు పైకి కనబడు పొడవైన ప్లాస్టిక్ గొట్టము. దానిని నీటితో నింపి, లోపల గాలిబుడగ యొక్కటియు నిలువకుండ వ్రేలితో తట్టి తట్టి వెడలగొట్టి, ఒక కొన తాను పట్టుకొని, రెండవ కొనను చేతిక్రింది కుఱ్ఱవానికిచ్చి ఆవలి గోడకు పంపి, ఇక్కడ నీరు నిలిచినచోట తానొక గీత, అక్కడ నీరు నిలిచినచోట కుఱ్ఱవాడొక గీత పెట్టినచో, నడుమ స్తంభములు అడ్డమున్నను, గది మలుపు తిరిగినను, ఆ రెండు గీతలు వెండ్రుకవాసి తేడా లేక ఒకే మట్టమున నుండును. నీరు పల్లమెఱుగునన్నది మన సామెత. సమమును గూడ ఎఱుగునన్నది మేస్త్రీ శాస్త్రము. భౌతికశాస్త్రమున ఈ సంగతినే రెండు మార్కులకు వ్రాసి మఱునాడే మఱచిన పిల్లవాడు ఆ గొట్టము నెదుట కన్నులు విప్పి నిలుచును. ఇందులకు ఒక గొట్టము, ఒక బిందె నీరు, అయిదు నిమిషములు చాలును. అందుచేతనే కాబోలు, ఇది ఏ కార్యక్రమపత్రమునను చేరదు.

సభాంతమున ప్రశ్నలకు అవకాశమిచ్చుట మర్యాద. ఏ కుఱ్ఱవాడైన ధైర్యము చేసి, మన యిండ్ల తెలుగులో, "మీ కొడుకు ఏం చదువుతా ఉండాడు సార్?" అని ఉపన్యాసకుని అడిగెననుకొందము. ఉపన్యాసకుడు నవ్వును, ప్రధానోపాధ్యాయుడు కాలాతీతమైనదనును, కాఫీ వచ్చును. జవాబు అందఱకును తెలిసినదే: కంప్యూటర్ సైన్సు. ఆ సభలో ముందు వరుసలలోని పిల్లలు ఈ మాహాత్మ్యమును తమకు పట్టని పురాణముగా విని, లోలోన ఆవులించుచుందురు. వెనుక వరుసలో, తండ్రి గోడలు కట్టువాడైన పిల్లవాడు మాత్రము ఆవులింపడు. శ్రమగౌరవమను మాట వినబడినప్పుడెల్ల ఉపాధ్యాయుల చూపు తనవైపు తిరుగుట ఆతడు కనిపెట్టుచునే యుండును. ఉపన్యాసము అందఱకును, ఉద్దేశము ఆతనికిని.

ఈ కళ మన రాష్ట్రమునకు క్రొత్తది కాదు. 1953లో రాజాజీ ముఖ్యమంత్రిగా ప్రాథమిక విద్య కొక సవరణ పథకము తెచ్చినారు. బడి దినమునకు మూడు గంటలే. మిగిలిన ప్రొద్దు పిల్లవాడు ఇంటిలోనో ఊరిలోనో చేతిపని నేర్చుకొనవలయును. బడులు చాలక, ఉపాధ్యాయులు చాలక, ఉన్నవారితోనే రెండింతల పిల్లలకు చదువు చెప్పింపవలెనను ఆలోచన అందు లేకపోలేదు. దానిని దుర్బుద్ధి యని నేననను. కాని గ్రామమున ఇంటిపని యనగా తండ్రి పని, తండ్రి పని యనగా కులపు పని యని తెలియుటకు దేశమున కెక్కువ కాలము పట్టలేదు. కులకల్వి, అనగా కులవిద్య, యని పేరు పెట్టి పెరియారును, ద్రావిడ మున్నేట్ర కళగమువారును, కాంగ్రెసులోనే చాలమందియు ఎదిరించిరి. 1954లో రాజాజీ పదవి వదలుకొనిరి. తరువాత వచ్చిన కామరాజు పథకమును రద్దు చేసిరి. రాజాజీ తన మనసులోని మాటను తేటగా చెప్పినందున పదవి పోయినది. నేటివారు నేర్చిన పాఠ మొక్కటే: తండ్రి యను మాట తీసివేసి, "స్కిల్" అను మాట పెట్టవలయును. వినువాని ముఖము చూచి మాట్లాడుట మాత్రము మారలేదు.

పోనీ, ప్రభుత్వములైన ఏ వయసున ఏమి చేయవలయునో ఒక్క మాటపై నున్నవా? 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆరవ తరగతికిని ఎనిమిదవ తరగతికిని నడుమ ఎప్పుడైన పది దినములు పుస్తకపు సంచి లేకుండ వడ్రంగులయొద్ద, కుమ్మరులయొద్ద, తోటమాలులయొద్ద గడపుమన్నది. తమిళనాడు ఆ విధానమును ఒప్పలేదు గాని, కోయంబత్తూరున కేంద్రపు పాఠ్యక్రమము ననుసరించు బడులకు కొఱత లేదు. 1996 నాటి నిర్మాణకార్మికుల చట్టము, నమోదు కావలెనన్న 18 సంవత్సరములు నిండవలయునన్నది. 2023 సెప్టెంబరులో కేంద్రము తాపీ, వడ్రంగము మొదలుగా 18 వృత్తులకు విశ్వకర్మ పథకము పెట్టి, దానిని వంశపారంపర్యపు పనికి ముడివేయగా, మన రాష్ట్ర ప్రభుత్వము ఆ ముడి కూడదని, 35 నిండినవారికే తన చేతిపనుల పథకమును వేఱుగా నిర్మించినది. కావున పదునొకండేండ్లకు చూడవచ్చును, పదునెనిమిదేండ్లకు ముట్టవచ్చును, ముప్పదియైదేండ్లకు సాయము పొందవచ్చును; నడుమ ఖాళీగా నున్న సంవత్సరములలో ఉపన్యాసములు వినవచ్చును.

ఈ సభలలో వేదిక వెనుక తప్పక వ్రేలాడు పటము జి. డి. నాయుడుగారిది. 1893లో కలంగల్ గ్రామమున పుట్టి, బడి గిట్టక, హోటలులో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో మోటారు సైకిలు కొని, దానిని విప్పి బిగించి యంత్రవిద్య నేర్చి, 1920లో పొళ్ళాచ్చికిని పళనికిని నడుమ బస్సు నడపిన మహానుభావుడాయన. ఇంతవఱకు ఉపన్యాసకులు చెప్పుదురు. 1945లో ఆయన పూనికతో వెలసిన ఆర్థర్ హోప్ విద్యాలయమున, నాలుగేండ్ల ఇంజనీరింగు చదువు కాలహరణమనియు, రెండేండ్లు చాలుననియు ఆయన పట్టుపట్టి, ప్రభుత్వము వినకపోగా తప్పుకొన్నారను సంగతి మాత్రము చెప్పరు. చెప్పినచో, ఆ పటము క్రిందనే కూర్చుండి నాలుగేండ్ల చదువు సీట్లను అమ్ముకొను పెద్దలు ఎటు చూడవలయును? పీళమేటి పి. ఎస్. గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కుమారులు ఆస్తిని అయిదు పాళ్ళు చేసి, అయిదవ పాలు ధర్మమునకు విడిచి, 1926లో నెలకొల్పిన సంస్థలలో పారిశ్రామిక శిక్షణాలయ మొకటి. పిల్లలచేతికి పనిముట్టునిచ్చు తలంపు మన పెద్దలకు ఉండినది, అదియు తమ డబ్బుతో. అదే మేరలలో నేడు లేచుచున్న కళాశాలా భవనములయొద్దకు పోయి, గోడ కట్టువానిని తెలుగులోనో తమిళములోనో పలుకరించి చూడుడు. ఆతడు ఒడిశానుండియో, బీహారునుండియో వచ్చినవాడై, హిందీలో బదులు చెప్పుట నేడు వింత కాదు.

పేరు నిలుచుటలో మనకు పాత న్యాయమొకటి కలదు. మధురలో 1636 నాటి తిరుమల నాయకుని మహలు చూడబోవువారికి కట్టించిన రాజు పేరు చెప్పుదురు. పందొమ్మిదవ శతాబ్దిలో బాగుచేయించిన గవర్నరు నేపియరు దొర పేరు చెప్పుదురు. రూపకల్పన చేసినవాడు ఇటలీవాడని చెప్పుదురు. స్తంభముల మెఱుగు సున్నములో కోడిగ్రుడ్డు తెల్లసొన కలిసినదని కూడ చెప్పుదురు. కోడికి దక్కిన పాటి ప్రస్తావనయైన ఆ మెఱుగు దిద్దిన పనివానికి దక్కలేదు. తెలుగునేలనుండి వచ్చి, ఈ నేలపై చెఱువులు త్రవ్వి బండలు కొట్టిన ఒడ్డెరవారు, నేడిచ్చట బోయరులని పిలువబడువారు, మన సంఘముల ప్రత్యేక సంచికలలో ఏ పుటలో నున్నారో వెదకి చూడుడు.

ఇక స్త్రీల మాట. ఇసుకయు ఇటుకయు తలపై మోయు ఆడకూలిని ఇచ్చట సిత్తాళు అందురు. ముప్పదేండ్లు గమేళా మోసి, ఏ పాలున ఎంత సిమెంటో, ఇటుకను ఎంతసేపు తడుపవలయునో, క్రింది వరుస కీలుపై పై వరుస కీలు పడరాదనియు మేస్త్రీతో సమముగా తెలిసినదైనను, ఆమె చేతికి తాపీ వచ్చుట అరుదు. వేదికపై బాలికలకు ఆహ్వానము పలుకు నోరు ఈ సంగతి పలుకదు. 1994లో ఏర్పడిన రాష్ట్ర నిర్మాణకార్మికుల సంక్షేమ బోర్డు ఆ కార్మికుల బిడ్డలకు పట్టభద్ర విద్యలకును వృత్తివిద్యలకును ధనసహాయ మిచ్చుచున్నది. ఆ సాయము కొఱకు దరఖాస్తు పట్టుకొని వరుసలో నిలుచు తలిదండ్రులు, తాపీ మహిమను ఉపన్యాసకునికంటె కొంత దగ్గఱగా చూచినవారే.

వీడు శ్రమను చులకన చేయుచున్నాడని నాపై నింద రావచ్చును. చులకన చేయువాడు, తన కొడుకునకు వలదన్నదానిని పరుని కొడుకునకు పరమార్థమని బోధించువాడు. తాపీపని పదియేండ్ల సాధన గల విద్య. ప్రభుత్వ పారిశ్రామిక శిక్షణాలయములలో దానికి తరగతి కలదు, కుళాయిపనికి కలదు, కరెంటుపనికి కలదు. పిల్లలను అచ్చటికి తీసికొనిపోయి చూపుడు. మేస్త్రీకి ఆ దినపు కూలి ఇచ్చి, కుర్చీ వేసి, తరగతికి పిలువుడు. కూలి యెంతో, పని లేని నెలలెన్నో, సారువ మీదనుండి పడినవానిని ఎవరు చూచెదరో ఆతనినే చెప్పనిండు. విన్న తరువాతను ఇష్టపడి వచ్చిన పిల్లవాడు ఎవరి కొడుకైనను చేర్చుకొనుడు.

అంతదాక బడుల కార్యవర్గములకు నా మనవి యొక్కటి. వచ్చు జూను మాసమున ఈ వ్రతము మరల తలపెట్టినప్పుడు, ప్రార్థనాగీతము ముగియగానే, ఆ సంవత్సరము తాపీ తరగతిలో చేరిన కార్యవర్గ సభ్యుల పుత్రపౌత్రుల జాబితా చదువుడు. జాబితాలో పేర్లు లేనిచో ఆ పూటకు సభామందిరమును పెండ్లికి అద్దెకిండు. వచ్చిన డబ్బుతో మరుగుదొడ్డి కుళాయిలైన బాగుపడును.