ప్రొఫెషనల్‌ని కాను మహాప్రభో!

షట్టర్ యూనిట్ 14,800. మెయిన్ బోర్డు 41,500. బాటమ్ కవర్ అసెంబ్లీ 9,200. లేబర్ 7,500. మొత్తం 73,000. దాని మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ 13,140. వెరసి 86,140 రూపాయలు.

ఆ కింద, భూతద్దం పెడితే తప్ప కనిపించని అక్షరాల్లో ఇంకో ముక్క రాశారు. ఈ సొమ్ము కట్టడం ఇష్టం లేని కస్టమర్లు పరిశీలన రుసుం 1,500, దాని మీద జీఎస్టీ 270 చెల్లించి తమ కెమెరాని యథాతథంగా పట్టుకుపోవచ్చునట. బాగుచేస్తే 86,140. బాగుచేయకుండా ఊరికే చూసినందుకు 1,770. ఏదో ఒకటి తేల్చుకునేదాకా కెమెరా వాళ్ళ బీరువాలో.

విశేషమేమిటంటే ఆ కెమెరా వారంటీలోనే ఉంది.

దాని జబ్బు ఏమిటో నాకు తెలుసు. సెన్సర్ ముందు రెండు తెరలుంటాయి, అదే షట్టర్. ఒక్కో తెర సన్నటి రేకులతో చేసింది. మొదటి తెర జారి సెన్సర్‌కి వెలుగు చూపిస్తే, రెండోది వెనకాలే వచ్చి మూసేస్తుంది. సెకనులో ఎనిమిది వేల వంతు అని మనం డయల్ తిప్పి గొప్పగా పెట్టుకున్నప్పుడు మొదటి తెర పూర్తిగా తెరుచుకోకముందే రెండోది బయల్దేరుతుంది. రెంటి మధ్యా మిగిలిన చిన్న చీలిక ఒక్కటే సెన్సర్ మీదుగా జారిపోతుంది. ఇలా రెండు లక్షల సార్లు చేయించి పరీక్షించామని బ్రోషర్లో రాసుకున్నారు. నేను ముప్పై వేలు కూడా దాటలేదు. ఒకరోజు అమీన్‌పూర్ చెరువు గట్టు మీద లకుముకి పిట్టకి గురిపెట్టి నొక్కితే లోపల ‘టక్’ బదులు ‘కర్ర్’ మంది. ఆపి మళ్ళీ ఆన్ చేయమని స్క్రీన్ మీద సలహా వచ్చింది. చేశాను. మళ్ళీ అదే సలహా. లెన్స్ తీసి చూస్తే ఒక రేకు గాడి తప్పి, సెన్సర్‌కి అడ్డంగా వాలి ఉంది. పిట్ట మాత్రం ఎక్కడికీ పోకుండా కొమ్మ మీదే కూర్చుని అన్ని వైపులా పోజులిచ్చింది.

వారంటీలో ఉన్న కెమెరాకి 86,140 ఏమిటని సికింద్రాబాద్ సర్వీస్ సెంటర్లో అడిగాను. కౌంటర్లో అమ్మాయి చాలా మర్యాదస్తురాలు. “ఇంపాక్ట్ డ్యామేజ్ సర్” అంది.

“ఇంపాక్ట్ ఎక్కడ తగిలిందమ్మా?”

“ఫొటో పంపిస్తాం సర్.”

పంపించారు. ప్రపంచంలోకెల్లా స్పష్టమైన బొమ్మలు తీసే యంత్రాలు మావేనని చెప్పుకునే కంపెనీ, నా నేరానికి సాక్ష్యంగా ఫోన్‌తో తీసి పంపిన ఆ బొమ్మలో మొదట నాకు కనిపించింది ఎవరిదో బొటనవేలు. వేలు మాత్రం మంచి ఫోకస్‌లో ఉంది. దాని వెనకాల నల్లగా, మసగ్గా ఒక వస్తువు. దాని మీద ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీశారు. ఆ సున్నాలో ఏముందో ఎంత పెద్దది చేసి చూసినా సున్నాయే కనిపించింది. ఐఎస్ఓ పెంచి, కిటికీ పక్కకొచ్చి, చెయ్యి ఆనించి మళ్ళీ తీయండని ఈమెయిల్ రాశాను. సలహా వాళ్ళకి నచ్చలేదేమో గానీ రెండో ఫొటో వచ్చింది.

అందులో తేలిందేమిటంటే, ఆ ఎర్ర సున్నాలో ఉన్నది ఒక గీత. అది కెమెరా అడుగున, ట్రైపాడ్ మర తిరిగే రంధ్రం పక్కన ఉంది. ట్రైపాడ్ ప్లేట్ బిగించీ తీసీ చేసే ప్రతివాడి కెమెరాకీ ఉండే రాపిడి గీత అది. కోఠీలో లెన్సులు విప్పి ఫంగస్ కడిగే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఆయనకి ఫోన్లో ఆ బొమ్మ చూపించాను. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ఫోన్ని ముక్కుకి ఆనించుకుని చూశాడు. “సాబ్, ఇది కింద పడిన బండి కాదు. పడితే మూల నొక్కుకుపోతుంది, మౌంట్ పక్కన పెయింట్ లేస్తుంది. ఇది ప్లేట్ రగడ్. దీనికీ షట్టర్‌కీ ఏం సంబంధం?” అని, చాయ్ తెప్పించి, పైసా పుచ్చుకోకుండా పంపించాడు. ఆయన పరిశీలన రుసుం మీద జీఎస్టీ కూడా లేదు.

నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. దెబ్బ అంటే బలం, దానికో దిశ ఉంటుంది. అడుగున తగిలిన దెబ్బ బాటమ్ కవర్ని సొట్ట చేయకుండా, లెన్స్ మౌంట్‌ని కదపకుండా, లోపలికి తిన్నగా వెళ్ళి షట్టర్లో ఒకే ఒక్క రేకుని ఎన్నుకుని తప్పించి, పోతూపోతూ మెయిన్ బోర్డుని కూడా పలకరించిందంటే అది న్యూటన్ చెప్పిన బలం కాదు, చేతబడి. ఈ మాట బొమ్మ గీసి, బాణం గుర్తులు పెట్టి రాసి పంపాను. “మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. ఎస్టిమేట్ ఆమోదించడానికి ఇక్కడ నొక్కండి” అని జవాబు. రాత్రి రెండు గంటలకి వచ్చింది. అంత రాత్రివేళ మేలుకుని ఎవరు చింతించారో పాపం.

మెయిన్ బోర్డు సంగతి మళ్ళీ కౌంటర్లో అడిగాను. బోర్డు పోయిందా?

“పోలేదు సర్. ఇంపాక్ట్ కేసుల్లో మొత్తం మార్చడం మా పాలసీ.”

“సరే, మారిస్తే పాతది నాకిస్తారా?”

“లేదు సర్. మార్చిన భాగాలు కంపెనీ ఆస్తి.”

మా వీధి చివర స్కూటర్ మెకానిక్ ఎనభై రూపాయల బ్రేక్ షూ మార్చినా, అరిగిపోయినదాన్ని న్యూస్‌పేపర్లో చుట్టి చేతిలో పెట్టి, ‘చూడండి సార్, ఎట్లా అరిగిందో’ అంటాడు. ఇక్కడ నలభై ఒక్క వేల అయిదు వందలకి కొత్తది నేను కొనాలి, బాగున్న పాతదాన్ని వాళ్ళుంచుకోవాలి. ఇదే సికింద్రాబాద్‌లో రాజా దీన్‌దయాళ్ స్టూడియో పెట్టి నిజాం కొలువుకి ఫొటోలు తీశాడు. చెక్క, ఇత్తడి, తోలు, గాజు. ఆ కెమెరాలో మెయిన్ బోర్డు ఉండి ఉంటే ఆరో నిజాం ఖజానాకైనా కాస్త చెమట పట్టేది.

ఈలోగా హెడ్డాఫీసు నుంచి ఫోన్. మంచి ఇంగ్లీషు. “సర్, మీరు ప్రొఫెషనల్ ఫొటోగ్రాఫరా?”

జీవితంలో నన్నీ ప్రశ్న ఎవరూ అడగలేదు. పెళ్ళిళ్ళలో ‘కాస్త పక్కకి జరగండి, ఫొటోగ్రాఫర్‌కి అడ్డం’ అన్నవాళ్ళే గానీ, నువ్వే ఫొటోగ్రాఫర్వా అన్న పుణ్యాత్ముడు లేడు. గుండె ఒక్కసారి పొంగింది. ‘అవును’ అన్న మాట పెదాల దాకా వచ్చింది. నా బొమ్మల్లో ఏదో చూసి ఉంటారన్న ఆశతో, “ఎలా కనిపెట్టారు?” అనడిగాను.

“కెమెరా మెనూలో కాపీరైట్ దగ్గర మీ పేరు, పక్కన ‘ఫొటోగ్రఫీ, సర్వహక్కులూ రక్షితం’ అని ఉంది సర్. వాణిజ్య వినియోగానికి వారంటీ వర్తించదు.”

కెమెరా కొన్న రాత్రి ఆనందం పట్టలేక, ఒక్కో అక్షరాన్నీ బాణం మీటలతో వెతుక్కుంటూ నేనే ఎక్కించిన ముక్క అది.

అప్పుడు మా బావగారి దగ్గరికి వెళ్ళాను. విద్యుత్ శాఖలో బిల్లింగ్ సెక్షన్లో పనిచేసి రిటైరయ్యారు. ‘నెలకి నాలుగు బల్బులు వెలిగించుకునే ఇంటికి ఇంత బిల్లేమిటయ్యా’ అని జనం మొత్తుకుంటుంటే సర్వీసంతా విన్న మనిషి. అందుకే ఫిర్యాదు ఎక్కడ నొక్కితే ఎక్కడ నొప్పి పుడుతుందో ఆయనకి తెలిసినట్టు లాయర్లకి కూడా తెలియదు.

“ఏమోయ్, ఒక్క ఫొటో అయినా అమ్మావా?” అన్నారు, నేను కూర్చోకముందే.

“లేదు బావగారూ.”

“ఎవరైనా అడిగారా?”

“అడగలేదు.”

“భేష్. కేసు గట్టిగా ఉంది.”

ఆయన చెప్పిన దాని సారాంశం ఇది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వ్యాపారం కోసం కొన్నవాడు వినియోగదారుడు కాడు. అయితే బతుకుతెరువు కోసం స్వయంగా వాడుకునేవాడికి మినహాయింపుంది. పెళ్ళిళ్ళు తీసి ఇల్లు నడుపుకునే కుర్రాడు కూడా వినియోగదారుడే. “నీకు జీతం వస్తోంది కాబట్టి బతుకుతెరువని చెప్పలేవు. సరదాకి తీసి ఆదాయానికి అమ్ముకున్నావంటే రెంటికీ చెడ్డ రేవడివి అవుతావు. నువ్వు నిఖార్సయిన అసమర్థుడివని తేలాలి. అదొక్కటే దారి.”

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయమన్నారు. వాళ్ళు తీర్పు చెప్పరు, ఫిర్యాదుని కంపెనీ ముందు పెట్టి జవాబు రాబడతారు. దానికీ లొంగకపోతే జిల్లా కమిషన్. యాభై లక్షల దాకా సరుకు అక్కడే. చెల్లించిన ధర అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. లాయర్ అక్కర్లేదు, నువ్వే వాదించుకోవచ్చు. కంపెనీ గురుగ్రామ్‌లో ఉన్నా, గ్రహాంతరంలో ఉన్నా, నువ్వు కాపురమున్న జిల్లాలోనే వేయొచ్చు. లోపం ఉందో లేదో తేలకపోతే వస్తువుని కమిషనే ల్యాబ్‌కి పంపించగలదు. “ఆ ల్యాబ్ మాట కంపెనీకి పంపే నోటీసులో తప్పకుండా రాయి. బొటనవేలు ఫొటో ఉన్నవాళ్ళకి ల్యాబంటే పడదు” అన్నారు.

ఇక సాక్ష్యాలు. ముందు మా ఆవిడ స్టేట్‌మెంటు. ‘నా భర్త తీసిన ఫొటోల వల్ల ఇంతవరకు ఇంటికి ఒక్క రూపాయి ఆదాయం రాలేదని, పెట్రోలు, మెమరీ కార్డులు, చెరువు గట్ల మీద టిఫిన్ల రూపంలో పోయినదే తప్ప వచ్చింది లేదని ఇందుమూలముగా తెలియజేయడమైనది.’ ఒక్క కొట్టివేత లేకుండా ఏకబిగిన రాసింది. ‘ఇంకో పేజీ ఉంటే ఇవ్వండి’ అంది కూడా. మా పెద్దనాన్న కొడుకు, వాళ్ళబ్బాయి పెళ్ళి గురించి రాసిచ్చాడు: ‘మా వాడి పెళ్ళికి తమ్ముడు తనంతట తానే ఫొటోలు తీశాడు. మేము సొమ్మేమీ ఇవ్వలేదు. ఆల్బమ్‌లోనూ పెట్టలేదు.’ ఆ ఆఖరి వాక్యం ఎవరూ అడగలేదు. రక్తసంబంధం కదా, మనస్ఫూర్తిగా రాశాడు.

చివరికి బొమ్మలు. నా పనితనం ఏపాటిదో తెలిసేలా కొన్ని ఫొటోలు జతపరచాలన్నారు బావగారు. ఆయన వరండాలో లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. మంచివి ఏరి పక్కన పెట్టేసి మిగతావి పంపుదామన్నారు. ఏరడం తొందరగానే అయిపోయింది. అప్పుడే ఎగిరిపోయిన లకుముకి, ఇంకా ఊగుతున్న దాని కొమ్మ. నీళ్ళన్నీ ఒక పక్కకి ఒలికిపోతాయేమోననిపించేలా వాలిన చెరువు, అందులో రాజహంసలు. నేను ఎంతో ఇష్టపడే ఒక సూర్యాస్తమయం దగ్గర ఆయన ఆగారు. నేను ఊపిరి బిగబట్టాను. “ఇది కూడా పెట్టు” అన్నారు. “దీంతో కేసుకి తిరుగుండదు.”

నోటీసు పంపాం. షట్టర్ వారంటీ కింద మార్చాలని, అడుగు గీత రాపిడిదని, బోర్డు చెడిపోయిందనడానికి పరీక్ష నివేదిక చూపించాలని, లేకపోతే జిల్లా కమిషన్లో ల్యాబ్ పరీక్ష కోరతామని. దాని వెనకాల నా అసమర్థత మొత్తం పీడీఎఫ్‌గా.

జవాబు వచ్చింది. ఈసారి పట్టపగలే వచ్చింది. షట్టర్ యూనిట్‌ని వారంటీ కింద ఉచితంగా మారుస్తారట. అడుగు గీత ‘కేవలం పైపై గుర్తు’ అట. మెయిన్ బోర్డుని పునఃపరిశీలించగా చక్కగా పనిచేస్తోందట. నలభై ఒక్క వేల అయిదు వందల జబ్బు, మందూ మాకూ లేకుండా, ఉత్తరం వాసన చూసి నయమైపోయింది! లేబర్ లేదు, పరిశీలన రుసుం లేదు. ఇదంతా ‘గుడ్‌విల్’ కింద చేస్తున్నామని ఒక ముక్క. గుడ్‌విల్ కాదు, నా హక్కు అని తిరగ్గొడదామంటే బావగారు వారించారు. “ముందు కెమెరా తెచ్చుకో. పౌరుషం తర్వాత.”

ఆ సాయంత్రమే వెళ్ళి తెచ్చుకున్నాను. కౌంటర్ అమ్మాయి టెస్ట్ షాట్ అని నన్నే ఒక ఫొటో తీసి చూపించింది. వెలుగు, ఫోకస్, ఫ్రేము అన్నీ కుదిరాయి. నన్ను నేను అంత బాగా ఎప్పుడూ తీసుకోలేదు.

అంతా బాగానే ఉంది గానీ, ఆ ఉత్తరంలో ఆఖరి పేరా ఒకటుంది. ‘మీరు జతపరచిన ఛాయాచిత్రాలను మా నిపుణుల బృందం క్షుణ్ణంగా పరిశీలించింది. మీరు వృత్తి ఫొటోగ్రాఫర్ కారన్న మీ వాదనతో ఎలాంటి సందేహం లేకుండా, ఏకగ్రీవంగా ఏకీభవిస్తున్నాం.’

మా ఆవిడ దాన్ని నేను చూసేలోగానే స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేసింది. పెద్దనాన్న కొడుకు దండం గుర్తు పెట్టాడు.

నేను బావగారికి ఫోన్ చేశాను. “ఆ ఒక్క పేరా మీద అప్పీలుకి వీలుందా?”

“జిల్లా కమిషన్ ఆర్డరు మీదైతే నలభై అయిదు రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కి వెళ్ళొచ్చు. ఇది ఆర్డరు కాదు, ఉత్తరం.”

“ఆ ‘ఏకగ్రీవంగా’ అన్న మాటైనా తీయించగలమా?”

“సూర్యాస్తమయం పంపించాం కదటోయ్” అన్నారు బావగారు. “ఎలా తీయిస్తాం?”