ధవళేశ్వరం గారి పడకగది

మా అపార్ట్‌మెంట్లో ఆయన్ని అందరూ ధవళేశ్వరం గారంటారు. అమ్మానాన్నా పెట్టిన పేరు వేరే ఉంది. సొంతూరు ధవళేశ్వరమూ కాదు. కాటన్ దొర ఆనకట్టని ఆయన జన్మలో ఒక్కసారే చూశారు, అదీ పుష్కరాల రద్దీలో, ఎవరి భుజం మీదనుంచో. పడకగదికి తెల్లరంగు ఎంచుకోవడం మొదలుపెట్టాక వచ్చిన బిరుదు అది. మొదలుపెట్టి పది నెలలైంది.

చాదస్తుడని అప్పుడే తేల్చెయ్యకండి. మిగతా విషయాల్లో మహా చురుకు. నిజాంపేటలో ఈ ఫ్లాటుని లిఫ్టు తలుపు పూర్తిగా తెరుచుకోకముందే ఖాయం చేసుకున్నారు. కూతురి సంబంధం ఒక్క కాఫీతో తేలిపోయింది. బజారులో వంకాయలు ఏరరు, కొట్టువాడు ఏవి వేస్తే అవే. హాలుకి ఏం రంగు వెయ్యమంటారని మేస్త్రి అడిగితే "ఏదో ఒకటి కానియ్యవయ్యా" అన్నారు. ఆ కానిచ్చిన నారింజరంగులోనే ఆ కుటుంబం ఇప్పటికీ టీవీ చూస్తోంది. పడకగదీ అలాగే గడిచిపోయేది. లప్పం పెట్టడం అయ్యాక ఆ మేస్త్రే, నోటి దురదకొద్దీ, "బెడ్రూంకి తెలుపన్నారు, ఏ తెలుపు సార్?" అని అడిగాడు.

తెలుపులో మళ్ళీ "ఏ" ఒకటుంటుందని ఆయనకి అంతవరకు తెలీదు.

ఇలాంటివారు ఇప్పుడు ప్రతి అపార్ట్‌మెంట్లోనూ ఒకరున్నారు. గుర్తుపట్టడం తేలిక. చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన తెల్ల కాగితం ఒకటి ఉంటుంది. మీ ఇంటికొస్తే మీ మొహం చూడరు, గోడ చూస్తారు. కాగితం విప్పి గోడకి ఆనించి, తల పక్కకి వంచి, నాడి చూసిన వైద్యుడిలా నిట్టూరుస్తారు. "మాస్టారూ, మీ గోడ పచ్చ కొడుతోంది." నేను నిజంగానే కంగారుపడ్డాను. కామెర్లలాంటిదేమో, పిల్లలకి అంటుకుంటుందేమో అనుకున్నాను. తెలుపన్నాక ఏదో ఒకటి కొట్టి తీరుతుందట. కొన్ని గులాబీ కొడతాయి, కొన్ని నీలం, కొన్ని బూడిద. పక్కన అచ్చమైన తెల్లకాగితం పెడితేగాని దొంగ బయటపడడు.

షుగరెంతుందని అడిగినట్టు, "మీ గోడ ఎల్‌ఆర్‌వీ ఎంత?" అని కూడా అడుగుతారు. గోడ మీద పడిన వెలుగులో ఎంత తిరిగొస్తుందో చెప్పే లెక్క అది. కటిక నలుపుకి సున్నా, తెలుపుకి నూరు. పడకగదికి మరీ 90 దాటితే నిద్రపట్టదని, 70కి దిగితే ఉసూరుమంటుందని ఆయన సిద్ధాంతం. మొన్నీమధ్య ఆయన షుగరు 240 వచ్చింది. ఆ సంగతి ఆయన ఎవరితోనూ ప్రస్తావించలేదు.

ఆయన నోరు మూయిద్దామని నేనొకసారి పాండిత్యం ఒలకబోశాను. "ఇందులో కొత్తేముందండీ, అమరకోశంలో తెలుపుకి పదమూడు పేర్లున్నాయి. ధవళం, సితం, వలక్షం, అవదాతం..." అన్నాను. అంతటితో ఆపితే పోయేది. పసుపు కలిసిన తెలుపుకి అమరసింహుడు మళ్ళీ వేరే పేర్లిచ్చాడని, అందులోనూ ఆ ఛాయ కాస్తే ఉన్నదాన్ని ధూసరం అన్నాడని కూడా చెప్పాను. ధవళేశ్వరం గారు జేబులో కాగితం తీసి ఆ పేర్లన్నీ రాసుకున్నారు. మర్నాడు రంగుల దుకాణంలో, ఆ రంగులు కలిపే మిషను ముందు నిలబడి, "వలక్షం ఉందా?" అని అడిగారట. దుకాణంవాడు నా ఫోన్ నంబరు పుచ్చుకున్నాడు.

నా చిన్నప్పుడు ఈ గొడవ లేదు. సంక్రాంతి ముందు తొట్టిలో సున్నపురాళ్ళు వేసి నీళ్ళు పోస్తే కుతకుత ఉడికేవి. చల్లారాక గుడ్డలో వడగట్టి, పట్టు కోసం ఇంత బంక, తెల్లదనం కోసం చిటికెడు నీలిమందు కలిపేవారు. కుంచె పట్టినవాడు పైనుంచి కిందికి రెండు చేతులు వేసి పోయేవాడు. ఎంచుకోవడానికి ఏమీ లేదు. ఉన్న ఒక్క అనుమానం నీలిమందు ఎక్కువైందా అని, ఎక్కువైతే ఆ ఏడాదికి ఇల్లు లేతనీలం. అంతే. గోడకి జారగిలబడితే వీపు తెల్లబడేది, దాన్నీ ఎవరూ పట్టించుకోలేదు.

పైగా సున్నానిది పెద్దమనిషి స్వభావం. తడి మీద ఏమీ కనబడదు, ఆరి, గాలి పీల్చుకునేకొద్దీ తెల్లబడుతుంది. ఈ ఎమల్షన్లు అలా కాదు. తడిగా ఉన్నప్పుడు తుమ్మిపువ్వులా ఊరించి, ఆరాక ఒక పిసరు ముదురుతాయి. దానివల్ల ధవళేశ్వరం గారి నిర్ణయాలు సాయంత్రం ఖాయమై పొద్దున్న రద్దవుతుంటాయి.

ఒక రాత్రి పదకొండున్నరకి బెల్లు మోగింది. లుంగీతో ఆయన, రెండు చేతుల్లో రెండు బల్బులు. "ఒక్క నిమిషం మాస్టారూ." వెళ్ళాను. పడకగది గోడల మీద రెండేసి అడుగుల చదరాలు పదకొండు. పాతరంగు మీద చూస్తే మోసపోతామని ప్రైమరు కొట్టించి, ఒక్కోటీ రెండు కోటింగులు వేయించారు. మంచం గది నడుమకి జరిగి ప్లాస్టిక్ పట్టా కప్పుకుంది. ఐదు నెలలుగా దంపతుల పడక నారింజ హాల్లోనే.

ముందు 3000 కెల్విన్ల బల్బు పెట్టారు. పదకొండూ జున్నుముక్కల్లా ఉన్నాయి. అది తీసి 6500ది పెట్టారు. గ్లూకోజు సీసా ఒక్కటే తక్కువ. ఆయన రెండు భయాలూ అక్కడే తెలిశాయి నాకు. గది ఆస్పత్రిలా ఉండకూడదు, లాడ్జిలానూ ఉండకూడదు. ఈ రెంటి మధ్యా వెంట్రుకవాసి దారి ఉందని, అది తనకి దొరికి తీరుతుందని ఆయన నమ్మకం. "పగలు చూడాలి మాస్టారూ, పగలు వేరు" అన్నారు. నిజమే, వేరు. ఉత్తరపు కిటికీలోంచి పొద్దంతా నీలపు ఛాయ వెలుగు వస్తుంది. పడమటి కిటికీ ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో, వేరే అపార్ట్‌మెంటు. దాని గోడ ఇటుకరంగు. పొద్దెక్కాక ఎండ ఆ గోడని కొట్టి ఈ గదిలోకి దూకుతుంది. అప్పుడు పదకొండు తెలుపులూ గులాబీలే. ఎదుటివాళ్ళ గోడరంగు మార్చమని ఆయన వాళ్ళ అసోసియేషనుకి అర్జీ పెట్టుకున్నారు. జవాబు రాలేదు. వాళ్ళని నేను తప్పుపట్టను.

అన్నిటికన్నా ధవళేశ్వరం గారి భార్య ఓర్పుకి దణ్ణం పెట్టాలి. షేడ్ కార్డులో ఉన్న ఐవరీ, లినెన్, అలబాస్టర్ పేర్లు పలకలేక కాదు, పాతికేళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన టీచరామె. ఒళ్ళు మండి సొంత పేర్లు పెట్టింది. మొదటిది ముంజ. రెండోది జున్ను. మూడోది గంజి. నాలుగోది నిన్నటి పెరుగు. ఏడోది, కాలవనీళ్ళలో ఉతికిన మామగారి పంచె. చూశాక నేనొప్పుకున్నాను, రంగుల కంపెనీలవాళ్ళు ఈవిడకి జీతమిచ్చి పెట్టుకోవాలి. ఇప్పుడు మేస్త్రి కూడా "సార్, మామగారి పంచె రెండు లీటర్లు తెమ్మంటారా?" అని ఫోన్లో అడుగుతున్నాడు.

ప్యాంటోన్ సంస్థ 2026 సంవత్సరపు రంగుగా క్లౌడ్ డ్యాన్సర్ అనే తెలుపుని ప్రకటించిన వార్త వచ్చిన రోజు ధవళేశ్వరం గారు వాచ్‌మన్‌తో సహా అందరికీ పూతరేకులు పంచారు. ప్రపంచం ఇన్నాళ్ళకి తన దారికొచ్చిందన్నారు. ఆ పళ్ళెంలో పూతరేకు వంక ఆయన చూసిన చూపు గమనించి ఆవిడ పళ్ళెం లోపలికి తీసుకెళ్ళిపోయింది. పన్నెండో చదరం వద్దని దాని అర్థం. అయినా పడింది.

ఇక నా సంగతి. ఆ పన్నెండోది చూడమని పిలిస్తే పోయిన ఆదివారం వెళ్ళాను. ఎప్పట్లాగే "అన్నీ ఒకటే కదండీ" అనాలని నోరు తెరిచాను. మాట రాలేదు. గంజి ఆకుపచ్చ కొడుతోంది! స్పష్టంగా కనబడింది. నిన్నటి పెరుగుకీ ముంజకీ ఉన్న తేడా చూసి, ఇన్నాళ్ళూ నాకు కళ్ళున్నాయా అనిపించింది. పైకి మాత్రం "అన్నీ ఒకటే" అనేసి వచ్చేశాను. వచ్చి మా గోడకి తెల్లకాగితం ఆనించి చూశాను.

వచ్చే నెలలో మా పడకగదికి రంగులు వేయించాలనుకుంటున్నాం. మీలో ఎవరైనా నిజాంపేట వైపు వస్తే, ఈ ముక్క దయచేసి ఆయన చెవిన వెయ్యకండి.