వాయిదా

సోంపేట బీల అనే చిత్తడి నేలలో వరి పండుతుంది, చేప దొరుకుతుంది, పశువులకు మేత ఉంటుంది. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని అడ్డం నిలబడ్డ జనం మీద 2010 జులై 14న పోలీసులు కాల్పులు జరిపారు. ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దు చేసింది. కేంద్రం రాలేదు. తూటాల చప్పుడు మాత్రం కొందరి చెవుల్లోంచి పోలేదు.

ఎనిమిదేళ్ల తర్వాత, బీల ఒడ్డునున్న ఊరి నుంచి ఒక ముసలి రైతును ఆయన కోడలు ఆసుపత్రికి తీసుకొచ్చింది. రాత్రిళ్లు నిద్ర లేదు. తలుపు గట్టిగా పడితే చాలు, మంచం కిందికి దూరిపోతాడు. దీపావళినాడు చెవుల్లో గుడ్డలు కుక్కుకుని గదిలో గడియ పెట్టుకుంటాడు. ఖాకీ చొక్కా వేసుకున్న ఆటో డ్రైవరు ఎదురుపడినా ఒళ్లంతా చెమటలే. ఇన్నేళ్లూ గాలి సోకిందని తాయెత్తులు కట్టించారు.

డాక్టరు కుర్రవాడు. బయట వరస పెరుగుతున్నా, చెప్పిందంతా విన్నాడు. ఇలాంటి డాక్టరు మన పల్లెల వాళ్లకు అందాలంటే అదృష్టం ఉండాలి. అదృష్టంతో పని లేకుండా అందాలనే కదా చట్టం చేసింది!

ఆ మాటే ఆయనా చెప్పాడు. "మేం దయతలిచి చేసేది కాదిది తాతా. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 18వ సెక్షన్ ఉంది. సర్కారు ఖర్చుతో వైద్యం మీ హక్కు. మీ కులమేంటి, మీ రాజకీయమేంటి అని వివక్ష చూపకూడదు."

మందులు రాసిచ్చాడు. "ఇంకొక్క మాట. మందు పనిచేసేదాకా ఆ రోజును గుర్తుచేసే చోట్లకు వెళ్లకండి. పోలీసులుండే చోటు అసలే వద్దు."

ముసలాయన అప్పుడు తలెత్తాడు. లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులో మడతపెట్టిన కాగితాన్ని బల్ల మీద పరిచాడు.

"ఆ ముక్కే సీటీ మీద రాసియ్యి బావూ. వచ్చే సోమారం కోర్టు వాయిదా. ఎల్నేదంటే వారంటు అంపుతారు."

డాక్టరు ముఖం విప్పారింది. "అయితే కేసు నడుస్తోందన్నమాట! ఆ ఒక్కరోజుకీ గుండె చిక్కబట్టుకోండి తాతా. కాల్చినవాళ్ల మీద మీరు సాక్ష్యం చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు?"

"సాచ్చిని కాను బావూ, ముద్దాయిని. పోలీసోల్ని నాను సంపబోయేనంట."